శ్రీవాణి ఏ సీన్ దగ్గర ఏడ్చింది

ఏ సీన్ దగ్గర ఏడ్చి ఉంటుంది? ఇంటర్వెల్ అయిపోయి సినిమా హాల్లో లైట్లు మళ్ళీ ఒక్కొక్కటే ఆరుతుంటే రఘుపతి మనసులో తిరుగుతున్నది ఆ ఒక్క ప్రశ్నే. సగం సినిమా అయిపోయింది, ఇంకా అంతు చిక్కలేదు. శుక్రవారం సెలవు పూట లేబర్ క్యాంపులో నిద్రపోకుండా, ఒమన్‌లో ఓ మూలనున్న ఇబ్రా నుంచి మస్కట్ దాకా కంపెనీ వ్యాన్‌లో ఎండలో పడి వచ్చింది ఆ పాటగాడి పాటలు వినడానికి కాదు, తన పెళ్ళాం వాడి కోసం ఎక్కడ కన్నీళ్ళు పెట్టుకుందో కళ్ళారా చూసుకోవడానికి. ఆ సంగతి పక్క సీట్లో పాప్‌కార్న్ డబ్బా ఒళ్ళో పెట్టుకున్న కుమార్‌కి తెలియదు. వ్యాన్ నడిపేది కుమారే, క్యాంపులో ఉన్న తెలుగువాళ్ళందరినీ లేపి, స్నానాలు చేయించి, ఇస్త్రీ చొక్కాలు తొడిగించి తీసుకొచ్చిందీ కుమారే. "అన్నా, అసలు కత ఇప్పుడు షురువైతది. కర్చీఫ్ దగ్గర పెట్టుకో," అన్నాడు డబ్బా ఇటు జరుపుతూ. రఘుపతి ఒక్క గింజ కూడా తీసుకోలేదు. కర్చీఫ్ అట! వాడి కోసం తను ఏడవాలా? ఇంట్లో ఒకరు ఏడ్చింది చాలదా?

నిన్న డ్యూటీ దిగి రూమ్‌కి వచ్చి చేతులు కడుక్కోకముందే ఫోన్ తీశాడు. శ్రీవాణి వాట్సాప్‌లో స్టేటస్ పెట్టింది. సినిమా తెర ఫొటో, మసకగా ఉంది. కింద ఒక్క మాట, ఏడుపు ఆగలే అని. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె స్టేటస్‌లో బతుకమ్మ పూలూ, బిడ్డ పుట్టినరోజు కేకూ తప్ప ఇంకోటి ఎరగడు. వెంటనే ఫోన్ చేశాడు. ఎందుకేడ్చినవ్ అంటే "సినిమా గట్లున్నది మరి" అంది. ఏ సీన్ కాడ అంటే "ఏం అడుగుడో ఏమో, అన్నం మాడుతున్నది, పెట్టేస్త" అని పెట్టేసింది. అన్నం నిజంగానే మాడిందేమో. కానీ ఆ గొంతు ఏదో మూసిపెట్టిన గొంతులా వినిపించింది, ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ పొర్లుతున్నంత సేపూ అదే. ఇదంతా నిన్న మొదలైంది కూడా కాదు. పోయినేడు తను సెలవు మీద ఇంట్లో ఉన్నప్పుడే ఆ పాటగాడు చచ్చిపోయాడు. టీవీలో వార్త వచ్చింది. గంగాప్రసాద్ అని పేరు, లోకమంతా జీపీ అని పిలుస్తుంది, జగిత్యాల పిల్లాడు, హైదరాబాద్ పోయి పాప్ పాటలతో పెద్దవాడైపోయి, తాగుడు మరిగి, మాత్రలు మింగి, హోటల్ గదిలో ఒంటరిగా పోయాడు. ఇప్పుడు ఈ సినిమా వాడి బతుకు కథే. శ్రీవాణి స్టవ్ ఆర్పేసి, గరిట చేతిలోనే పట్టుకుని, టీవీ ముందుకొచ్చి నిలబడిపోయింది. ఏమైంది అంటే "మా కాలేజీల సీనియర్" అంది. అంతే. అంతకు మించి ఆమె ఒక్క మాట చెప్పలేదు, తను అడగలేదు. అడగని మాట కంటిలో నలకలా ఏడాదిగా గుచ్చుతూనే ఉంది.

తెర మీద జీపీ హైదరాబాద్‌లో మొదటి పెద్ద ప్రోగ్రాం చేస్తున్నాడు. పొగ, రంగు లైట్లు, వేలాది చేతులు. హాల్లో ఈలలు మొదలయ్యాయి. వెనక వరసలో కుర్రాళ్ళు సీట్ల మీద నిలబడి ఊగుతున్నారు, ఎవరో ఫోన్ ఎత్తి తెరని వీడియో తీస్తున్నారు. ఈ పాట తనకీ కంఠస్థమే, ఎందుకు రాదు, సైట్‌లో పొద్దంతా ఎవడో ఒకడి ఫోన్‌లో మోగుతూనే ఉంటుంది, మోకాళ్ళ మీద కూచుని టైల్ మీద సుత్తి పిడితో తట్టేటప్పుడు చెయ్యి తెలియకుండానే ఈ పాట దరువులో పడుతుంది. అంటే వీడు బతికుండగా తన ఇంట్లోనూ, తన పనిలోనూ, తన చేతుల్లోనూ దూరాడన్నమాట. ఎంత సన్నటి వేళ్ళు! వేషం వేసినవాడి వేళ్ళే అయినా, జీపీవి కూడా అలాగే ఉండేవి, టీవీలో చూశాడు. మైకు పట్టుకుంటే పువ్వు పట్టుకున్నట్టు ఉండేది. చీకట్లోనే తన చేతులు తడుముకున్నాడు. గోళ్ళ చుట్టూ సిమెంటు తిన్న చర్మం, కటింగ్ మిషన్ కోసిన గీత, బొటనవేలి మీద ఎప్పటికీ పోని గట్టిదనం. సెలవు మీద వెళ్ళినప్పుడు ఈ చేతులతో బుగ్గ నిమిరితే "గరుకు" అంటూ పక్కకి తిరిగేది, నవ్వుతూనే. ఆ నవ్వు నిజమైన నవ్వేనా? పక్కకి తిరిగినప్పుడు ఆమె కళ్ళు మూసుకునేదా, తెరుచుకునేదా? ఇదివరకు ఎప్పుడూ రాని ప్రశ్నలు, ఎవడో పాడుతుంటే ఒక్కొక్కటే వచ్చి పక్కన కూచుంటున్నాయి.

మొదటి సగంలోనే దొరికిందనుకున్నాడు. కాలేజీ డే సీన్. షామియానా, మడత కుర్చీలు, గాలికి ఊగే బ్యానర్, జీపీ ఇంకా జీపీ కాలేదు, ఒట్టి గంగాప్రసాదే, పక్కన ఒక పిల్ల, పసుపు రంగు చున్నీ, ఒంటి జడ, ఇద్దరూ ఒకే మైకు ముందు నిలబడి పాడారు. పాట మొదలైన క్షణం నుంచి రఘుపతి వాణ్ణి చూడలేదు, ఆ పిల్లనే చూశాడు. శ్రీవాణిలా ఉందా? ముక్కు కాదు, రంగు కాదు, కానీ నిలబడ్డ తీరు, ఒక కాలి మీద బరువు వేసి తల కొంచెం వంచి, అచ్చం అదే. పాట చివర ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. హాలంతా ఓ అని అరిచింది, కుమార్ నోట్లో వేళ్ళు పెట్టి ఈల వేశాడు. పెళ్ళైన కొత్తలో ఒకసారి శ్రీవాణి తమ్ముడు భోజనాల దగ్గర "అక్క మస్తు పాడేది బావా" అన్నాడు, ఆమె వెంటనే వాణ్ణి పెరుగు తెమ్మని లోపలికి పంపేసింది. ఆ మాట అప్పుడు నవ్వి వదిలేశాడు. ఇప్పుడు అది లేచి నిలబడింది. పాడేదట. ఎవరితో? ఎవరి పక్కన? ఇన్నేళ్ళలో తన చెవిన ఒక్క చరణం పడలేదు. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా చప్పట్లు కొడుతుందే గాని పెదాలు మాత్రమే కదుపుతుంది. దాచింది. ఎవరి కోసమో దాచింది. సినిమాలో ఆ పిల్లని వదిలి గంగాప్రసాద్ హైదరాబాద్ బస్సెక్కి పోయాడు, ఆమె మళ్ళీ కనిపించలేదు. సరే, మళ్ళీ వస్తుంది, సినిమా కదా, రాకుండా ఎక్కడికి పోతుంది, రెండో సగంలో వచ్చి వాడి ఒళ్ళో పడి ఏడుస్తుంది, అక్కడే శ్రీవాణి కూడా ఏడ్చి ఉంటుంది, అని కాచుకుని కూర్చున్నాడు.

ఆ పిల్ల రావడం లేదు. ఇంకో ఆడమనిషి వచ్చింది, ముంబై అమ్మాయి, సిగరెట్ తాగుతుంది, జీపీని పెళ్ళి చేసుకుంది, గ్లాసులు విసురుతుంది. జీపీ తాగుతున్నాడు. స్టేజీ మీద పాట మరిచిపోయి నిలబడ్డాడు, జనం సీసాలు విసిరారు. ముందు వరసలో ఒకావిడ ఉండబట్టలేక తెరతో మాట్లాడటం మొదలుపెట్టింది, కడప యాస. "ఒరే నాయనా, ఆ తాగుడు మానుకోరా! బంగారం లాంటి గొంతు పెట్టుకొని యాడికి పోతాండావురా!" పక్కనున్నామె "మల్లీశ్వరీ, ఊరకుండవే, అందరూ చూస్తాండారు" అని చెయ్యి లాగింది. మల్లీశ్వరి ఊరుకోలేదు. చున్నీతో కళ్ళు ఒత్తుకుంటూ "కన్నతల్లి చూస్తే ఏమైపోతాదే" అంటోంది. ఎవరో అరబ్బుల ఇంట్లో పనిచేసేది కాబోలు, వంట చేసి, పిల్లల్ని సాకి, సెలవు పూట వచ్చి ఇక్కడ ఈ ముక్కు మొహం తెలియనివాడి కోసం గుండె కరగబెట్టుకుంటోంది. ఆడవాళ్ళందరూ వీడి కోసమే ఏడుస్తారా? శంషాబాద్ ఎయిర్‌పోర్ట్ గుర్తొచ్చింది. ప్రతిసారీ గాజు తలుపుల దగ్గర మిగతా ఆడవాళ్ళు మొగుళ్ళ భుజాలు పట్టుకుని ఏడుస్తుంటే శ్రీవాణి వంగి బ్యాగు జిప్పు సరిచూసేది. పచ్చడి కారకుండా కవరు మీద కవరు కట్టిందో లేదో తడిమి చూసేది. "పొయినంక ఫోన్ చెయ్యి" అనేది. కళ్ళు పొడిగా ఉండేవి. మా ఆమె గట్టిదిరా, ధైర్యం ఎక్కువ అని రూమ్‌లో ఎన్నిసార్లు గొప్పగా చెప్పుకున్నాడు! గట్టిది కాదు. కన్నీళ్ళు ఉన్నాయి, తన పేరు మీద లేవు, అంతే.

జీపీ ఇప్పుడు హోటల్ గదిలో నేల మీద కూర్చుని ఏడుస్తున్నాడు. వెనక నుంచి వయోలిన్లు. కెమెరా చుట్టూ తిరుగుతోంది, పగిలిన అద్దంలో వాడి ముఖం పది ముక్కలై ఎంతో అందంగా ఉంది. తాగినవాడు అంత అందంగా ఉంటాడా? క్యాంపులో గంగన్న ఉండేవాడు, నిర్మల్ దగ్గరి మనిషి, వయసు మళ్ళినవాడు. ఎక్కడి నుంచి సంపాదించేవాడో గాని తాగి వచ్చి మంచం మీద కూర్చుని బిడ్డ పేరు పెట్టి ఏడ్చేవాడు. ముక్కు కారేది, లుంగీ జారిపోయేది, గదంతా వాసన. ఇదే కుమార్ "నోరు మూస్కో పెద్దమనిషీ, పొద్దుగాల డ్యూటీ ఉన్నది" అని దిండు విసిరేవాడు. చివరికి కంపెనీ వాళ్ళు టికెట్ చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు. వ్యాన్ ఎక్కుతుంటే బయటికొచ్చి చూసినవాడు కూడా లేడు. గంగన్న ఏడ్చిందీ, ఈ జీపీ ఏడ్చిందీ ఒకే ఏడుపు కాదా? గంగన్నకి వయోలిన్లు లేవు, అంతే తేడా. రఘుపతి పక్కకి తిరిగి చూశాడు. కుమార్ ఏడుస్తున్నాడు. పాప్‌కార్న్ డబ్బా కింద పడిపోయింది, మోచేత్తో కళ్ళు తుడుచుకుంటూ "ఏం బతుకన్నా ఇది, పాపం ఏం బతుకు" అన్నాడు. నవ్వాలో చెంప మీద కొట్టాలో తెలియలేదు. అటు వరసలో ఒక ముసలాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. ఎవరో ఇద్దరు భార్యాభర్తలు చేతులు పట్టుకున్నారు. ఇంతమంది జాలి, ఇంత మెత్తదనం, వాడికి పెట్టడానికి ఈ లోకంలో ఎప్పుడూ ఉంటుంది. తను ఎండలో పరంజా మీద నుంచి జారిపడి పక్కటెముక విరిగి పడుకున్నప్పుడు శ్రీవాణికి చెప్పనేలేదు, ఆమె భయపడుతుందని. చెప్పి ఉంటే ఏడ్చేదా? ఏడుపు ఆగలే అని పెట్టేదా? చెప్పాల్సింది, అనిపించింది మొదటిసారి, ఎముకలో పాత నొప్పి మళ్ళీ కలుక్కుమంటుంటే.

చావు దగ్గరికొచ్చింది సినిమా. వీడు ఎట్లాగూ చస్తాడని అందరికీ తెలుసు, అయినా హాలు ఊపిరి బిగబట్టింది. జీపీ ఒక్కడే కిటికీ దగ్గర కూర్చుని వాద్యం లేకుండా మొదటి పాట పాడుకుంటున్నాడు, కాలేజీలో పాడినదే, ఈసారి పక్కన ఎవరూ లేరు. ఇక్కడే. ఇక్కడే ఏడ్చింది. పసుపు చున్నీ గుర్తొచ్చి ఉంటుంది, తన చోటు ఖాళీగా కనిపించి ఉంటుంది. రఘుపతి రెండు చేతులతో సీటు పట్టుకున్నాడు. జీపీ తల కిటికీకి ఆనింది, పాట సగంలో ఆగిపోయింది. మల్లీశ్వరి బావురుమంది. వెనక ఎవరో ఫోన్ లైటు వెలిగించారు, తర్వాత ఇంకొకరు, తర్వాత హాలంతా, చచ్చినవాడికి దీపాలు పెట్టినట్టు. అందరూ లేచి నిలబడి ఆగిపోయిన పాటని అందుకున్నారు. రఘుపతి లేవలేదు. అందరూ నిలబడ్డ చోట కూర్చున్నవాడికి తెర కనిపించదు, వీపులే కనిపిస్తాయి. వాటి వెనక కూర్చుని దవడ బిగించుకున్నాడు, అప్పుడు తెలిసింది తన పెదాలు కూడా ఆ పాటనే కదుపుతున్నాయని. పళ్ళతో కింది పెదవి పట్టి ఆపాడు. చచ్చినవాడితో పోటీ ఎట్లా? వాడు ముసలివాడు కాడు, వాడికి పొట్ట రాదు, చేతులు గరుకెక్కవు. వాడు ఎప్పుడూ శంషాబాద్‌లో బ్యాగు పట్టుకుని నిలబడడు.

బయట ఎండ ఇంకా దిగలేదు. కళ్ళు ఎర్రబడ్డవాళ్ళందరూ మెట్ల మీద నిలబడి నవ్వుకుంటూ సెల్ఫీలు తీసుకుంటున్నారు, కుమార్ కూడా. రఘుపతి ఒక్కడే వెళ్ళి వేడెక్కిన వ్యాన్‌లో వెనక సీట్లో కూర్చుని ఫోన్ చేశాడు. ఊళ్ళో ఇప్పుడు దీపాలు పెట్టే వేళ.

"చూసినవా?" అంది శ్రీవాణి, ఎత్తగానే. సినిమాకి పోతున్నానని పొద్దున మెసేజ్ పెట్టాడు.

"చూసిన. వాణీ, ఒక్కటి అడుగుత, నిజం చెప్పాలె. నువ్వు ఏ సీన్ కాడ ఏడ్చినవ్?"

అవతల గిన్నెల చప్పుడు ఆగింది. ఈసారి ఆమె పెట్టేయలేదు.

"ఆయిన సచ్చిపోయిన కాడనైతే కాదు. అందరు ఏడ్చిండ్రు, నాకు రాలే."

"మరి?"

"కాలేజీల ఇద్దరు పాడుతరు సూడు. ఆడ."

ఏడాదిగా కాచుకున్న దెబ్బ తగిలేసరికి నొప్పికి బదులు ఒకలాంటి చల్లదనం వచ్చింది. "ఆ పిల్ల నువ్వేనా?"

"నేనే. చున్నీ ఒక్కటే అబద్ధం. నా దగ్గర పసుపు చున్నీ ఎన్నడు లేదు."

"వాడంటే ఇష్టముండెనా?"

శ్రీవాణి నవ్వింది. చాలాసేపు నవ్వింది. "గిదా నువ్వు నిన్నటి సంది అడిగేది? ఇష్టం కాదు. వాడంటే నాకు కుళ్ళు."

రఘుపతి తప్పుగా విన్నాననుకున్నాడు. ఆమె ఆగలేదు, ఎన్నో ఏళ్ళ నుంచి గొంతుకి అడ్డం పడ్డది ఊడి వస్తున్నట్టు చెప్పుకుపోయింది. "ఒకే మైకు, ఒకే పాట. చప్పట్లు ఇద్దరికి కొట్టిండ్రు. మా సారు నా గొంతే మంచిగున్నదన్నడు. తెల్లారి వాడు బస్సెక్కిండు. నన్ను మా నాయిన ఇంట్ల కూసోవెట్టిండు. సినిమాల చూసినవ్ గదా, స్టేజీ దిగినంక ఆ పిల్ల మళ్ళ కనవడ్డదా? ఏడికి పోయింది, ఏమైంది అని ఒక్కలన్న అడిగిండ్రా? మూడు గంటల సినిమా, వాడు తాగింది చూపిచ్చిండ్రు, తన్నింది చూపిచ్చిండ్రు, కక్కుకున్నది గూడ చూపిచ్చిండ్రు. ఆ పిల్ల పాట ఏమైందో చూపియ్యలే. ఆడ ఏడ్చిన. వాడు చెడిపోయిండు, సచ్చిపోయిండు, అయినా పాడిండు గదా. నేను మంచిగనే ఉన్న. పాడలే."

ఫోన్ చెవికి ఆనించుకుని రఘుపతి అద్దంలోంచి బయటికి చూస్తున్నాడు. మెట్ల మీద మల్లీశ్వరి ఇంకా ముక్కు తుడుచుకుంటూ ఐస్‌క్రీం తింటోంది. తను ఇన్నాళ్ళూ తలకిందులుగా అర్థం చేసుకున్నాడన్నమాట. ఆమె వాడి పక్కన ఉండాలనుకోలేదు, వాడి చోట ఉండాలనుకుంది. తేలికపడాలి నిజానికి. తేలికపడలేదు. ఏడాదిగా లోపల కాలుతున్నది ఆరిపోయిందా అని వెతుక్కుంటే, ఆరలేదు, వాడి మీది నుంచి లేచి ఆ కాలేజీ షామియానా కింద మడత కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఒక్కడి మీదికీ పాకింది. వాళ్ళు విన్నారు. ఎవరో సారు విన్నాడు, అటెండరు విన్నాడు, సోడాలమ్మేవాడు విన్నాడు. తను మాత్రం వినలేదు.

"ఇంకొకటి చెప్తున్న," అంది శ్రీవాణి, గొంతు సవరించుకుని. "జగిత్యాలల పాటలు రికార్డు చేసే స్టూడియో ఉన్నది, యూట్యూబ్‌ల పెడ్తరు. సినిమా చూసి సీదా ఆడికే పొయిన. పాడి చూపిచ్చిన. సోమారం రమ్మన్నరు. నేను నిన్ను అడుగుతలేను, చెప్తున్న."

కుమార్, మిగతావాళ్ళు వచ్చి తలుపు జరిపి ఎక్కుతున్నారు, సీట్లు కిర్రుమంటున్నాయి, సినిమా మాటలు, చెమట, అత్తరు. వ్యాన్ కదిలింది. రఘుపతికి కనిపిస్తోంది, ఆమె పాట కింద వందల కొద్దీ ముక్కు మొహం తెలియనివాళ్ళు ఎర్ర గుండె బొమ్మలు పెట్టడం, దుబాయ్‌లో ఎవడో, కువైట్‌లో ఎవడో, సైట్‌లో మోకాళ్ళ మీద కూర్చుని ఆ దరువుకి సుత్తి పిడి తట్టడం. వద్దనే మాట నాలుక మీదికి వచ్చింది. ఎంత చిన్న మాట అది, ఎంత సులువు, శ్రీవాణి వాళ్ళ నాయిన అన్నదే. దాన్ని మింగడానికి వ్యాన్ పెద్ద రోడ్డెక్కి, కొండల వైపు తిరిగేదాకా పట్టింది. అవతల ఆమె ఊపిరి వినిపిస్తూనే ఉంది, ఆమె కూడా కాచుకుని ఉంది.

"పోయి పాడు," అన్నాడు. గొంతు తనకే కటువుగా వినిపించింది. "కానీ ముందుగాల నాకు ఇనిపియ్యి. ఇప్పుడే."

"ఇప్పుడా? పక్కకు అందరు లేరా?"

"ఉండనియ్. నువ్వు పాడు."

లోపలి గది తలుపు వేసిన చప్పుడు వినిపించింది. దగ్గింది. మొదలుపెట్టి ఆగిపోయింది, "గొంతు వస్తలేదు" అంది, మళ్ళీ మొదలుపెట్టింది. నాట్లేసే పాట, ఊళ్ళో అందరూ పాడేదే, కానీ రెండో చరణం దగ్గర ఆ గొంతు ఒక మలుపు తిరిగి లేచింది, రఘుపతి వీపు నిటారుగా అయిపోయింది. ఇన్నేళ్ళు ఒకే కంచంలో తిన్న మనిషి కాదు ఇది. ఇంత పెద్ద గొంతుని ఎక్కడ పెట్టుకుంది, ఆ వంటింట్లో, ఆ జిప్పుల మీద వంగినప్పుడు? కంటి చివర ఏదో కదిలి చెంప మీదికి జారింది. తుడుచుకోలేదు.

ముందు సీట్లోంచి కుమార్ అద్దంలో చూశాడు. "అన్నా, ఎవరన్నా గా పాడేది? ఏం గొంతన్నా! స్పీకర్ల పెట్టు, అందరం ఇంటం."

వ్యాన్‌లో తలలన్నీ వెనక్కి తిరిగాయి. రఘుపతి ఫోన్‌ని రెండు చేతులతో చెవికి అదుముకుని కిటికీ వైపు తిరిగిపోయాడు.

"సోమారం సంది మీరందరు ఇనుండ్రి," అన్నాడు. "ఇయ్యాల్టికి నేనొక్కన్నే ఇంట."